నీళ్ళకు ముందు నడవని డోర్కస్

మా ఓవర్‌కూంబ్‌లో ఎవరైనా పట్టిన పట్టు విడవకపోతే "డోర్కస్ పట్టు" అంటారు. ఆ మాట అనేవాళ్ళలో సగం మందికి డోర్కస్ డిబెన్ ఎవరో తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం ఆ మాటని నవ్వుతూ అనరు.

ఆమె సంగతి చెప్పాలంటే ముందు వాగు సంగతి చెప్పాలి. మా ఎల్లర్ వాగు ఏడాది పొడుగునా పారే రకం కాదు. ఆకురాలు కాలపు వానలన్నీ సుద్ద గుట్టల కడుపులోకి ఇంకిపోతాయి. గుట్టలు ఇక తాగలేమన్నప్పుడు, క్రిస్మస్ దాటాక ఏదో ఒక రోజున, చర్చి వెనక గుంటలో ఊటలు తెగి నీళ్ళు ఉబుకుతాయి. అక్కడ పుట్టిన వాగు నడివీధి పక్కనే దిగుతూ, ఇంటింటి ముందున్న బుల్లి వంతెనల కింద దూరుకుంటూ, లోయ అడుగున లోడర్ వాళ్ళ మిల్లు దగ్గర పెద్ద ఏటిలో కలుస్తుంది. వేసవి ముదిరేసరికి మళ్ళీ మాయం. ఎండిన వాగులో ఆవులు మేస్తాయి, పిల్లలు గోళీలాడతారు, ఆడవాళ్ళు దుప్పట్లు ఆరేసుకుంటారు. అక్కడ నీళ్ళు పారతాయంటే కొత్తవాళ్ళు నమ్మరు.

నీళ్ళు వచ్చేటప్పుడు వాటితో పాటు నడవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ పని డిబెన్ల ఇంటిది. అక్టోబర్ నుంచే వాగులో రాలిన ఆకులు దంతెతో లాగి, తూముల్లో పేరుకున్న మట్టి తీయాలి. ఊటలు తెగిన రోజున నీళ్ళ మొన పక్కనే నడుస్తూ, అడ్డొచ్చిన కొమ్మా రెమ్మా తప్పిస్తూ, ప్రతి తలుపూ తట్టి "నీళ్ళొచ్చాయి!" అని చెప్పాలి. నేలమాళిగలో బంగాళాదుంపలో బొగ్గో ఉంటే వాళ్ళు పైకి చేర్చుకుంటారు. ఇంటివాళ్ళు "రానీ, దారి ఉంది" అనాలి. అది మా తాతల నాటి జవాబు. ఆ తరవాత ఒక రొట్టె ముక్కో, గుక్కెడు ఆపిల్ సైడరో నీళ్ళ మనిషి చేతిలో పెడతారు. ఎండు నేల తాగగా మిగిలిన నీళ్ళు కదా, మొన చాలా నెమ్మదిగా కదులుతుంది. మొదటి నీళ్ళకు చప్పుడు కూడా ఉండదు. ఎండుటాకుల్నీ పురుగుల్నీ నెట్టుకుంటూ, దారి తెలియని ముసలిదానిలా తడుముకుంటూ వస్తాయి.

ఈ పనికి ఉన్న నియమం ఒక్కటే. నీళ్ళకు ముందు నడవకూడదు. నీళ్ళు రాని గడపను నీళ్ళ మనిషి తొక్కకూడదు. డోర్కస్ తాత ఎజ్రా ఒక ఏడు సైడర్ ఎక్కువై, నీళ్ళు ఇంకా చర్చి దగ్గరే ఉండగా మిల్లు దాకా పోయి అన్ని తలుపులూ తట్టేశాడు. జనం దుంపలన్నీ మోసుకుని మేడ మీద పెట్టుకున్నారు. తెల్లారేసరికి గడ్డ మంచు పట్టింది, నీళ్ళు ఊరి నడుమకొచ్చి ఇంకిపోయాయి, ఆ ఏడు మళ్ళీ రానే లేదు. ఎజ్రా ముందు నడిచాడు గనక నీళ్ళు అలిగి వెనక్కి పోయాయన్నారు. అప్పటి నుంచి ఆ ఇంటివాళ్ళకు "పొడి డిబెన్లు" అని పేరు. ఎజ్రా కొడుకు జోబ్ ఆ పేరు చెరిపేసుకోవడానికే బతికినట్టు బతికాడు. జోబ్‌కు మగపిల్లలు లేరు. కీళ్ళవాతం వచ్చి కుర్చీకి అతుక్కుపోయాక, దంతెను పంతొమ్మిదేళ్ళ కూతురు డోర్కస్ చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్, నువ్వు ఆలస్యంగా వెళ్ళినా ఫరవాలేదు. తొందరపడి మాత్రం వెళ్ళకు. ఊరు ఇంకా మరిచిపోలేదు."

"తెలుసు నాన్నా. వంద సార్లు చెప్పావు."

"నూట ఒకటోసారి కూడా విను."

మొదటి ఏడు ఆడపిల్ల మేకుల బూట్లు వేసుకుని వాగులో నడుస్తుంటే వీధంతా వంతెనల మీదకు చేరి నవ్వింది. ఉత్తరాలు పంచే ఆలివ్ హాన్స్‌ఫర్డ్ సైకిల్ ఆపి మరీ అడిగింది, "ఏమే డోర్కస్, నీళ్ళని నువ్వు తోలుతున్నావా, నిన్ను నీళ్ళు తోలుతున్నాయా?" అని. డోర్కస్ తల ఎత్తలేదు. రెండో రోజు పొద్దు వాలే వేళకు మోకాళ్ళ దాకా తడిసి, ముక్కు ఎర్రబడి, మిల్లు తలుపు తట్టింది. తలుపు తీసినవాడు గిల్బర్ట్ లోడర్. కనుబొమల మీద కూడా పిండే.

"నీళ్ళొచ్చాయి!"

"రానీ, దారి ఉంది. నువ్వు కూడా రా, గడప బయట నిలబడి చలిని లోపలికి తోలకు."

మిల్లు ఆఖరి ఇల్లు గనక అక్కడ రొట్టెతో సరిపెట్టరు. నీళ్ళ మనిషి పొయ్యి ముందు కూర్చుని, తడి బూట్లు విప్పి, ఆ ఇంటివాళ్ళు అల్లిన కొత్త మేజోళ్ళు తొడుక్కుని, టీ తాగి ఇంటికి పోవాలి. ఆ మేజోళ్ళు ఇక తనవే. గిల్బర్ట్ తల్లి ఏటా బూడిదరంగు ఉన్నితో మందంగా అల్లేది. వాటిని పొయ్యి ముందు ఇనుప కమ్మీ మీద వేసి, ఒక పక్క వేడెక్కాక రెండో పక్కకు తిప్పే పని గిల్బర్ట్‌ది. జోబ్ వచ్చే రోజుల్లో అతను వాటిని తిప్పిన పాపాన పోలేదని తల్లే చెప్పింది. డోర్కస్ ఎదుటే చెప్పింది. గిల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తరవాత ఏటా అంతే. ఏడాదికి ఒక సాయంత్రం. మిల్లు వేరే చర్చి కిందకు వస్తుంది, మేం వెళ్ళే సంతేమో గుట్టకు అవతలి వైపు, మిల్లువాళ్ళు అటు రారు. కాబట్టి మిగతా రోజుల్లో వాళ్ళిద్దరికీ కలుసుకునే పని లేదు.

"ఈ ఏడు బాగా ఆలస్యం. ఎవరింట్లోనో రొట్టె తింటూ కూర్చుండిపోయావనుకున్నాను," అనేవాడు.

"రొట్టె కాదు, తూములో చచ్చిన గొర్రె. నమ్మకపోతే చేతులు వాసన చూడు."

"వద్దులే, టీ తాగుతున్నాను."

అంత మాత్రపు మాటలే. కానీ ఆ మాటల్ని డోర్కస్ ఏడాదంతా దాచుకుని, దంతె లాగుతూ ఒక్కొక్కటే తీసుకుని నవ్వుకునేది. ఒక ఏడు గిల్బర్ట్ మేజోళ్ళు అందిస్తూ, వాటి వైపే చూస్తూ, "నువ్వు ప్రతి ఏడూ ఇలా తిరిగి వెళ్ళిపోనక్కర్లేదు డోర్కస్. ఇక్కడే ఉండిపోవచ్చు. మీ నాన్నని కూడా తెచ్చుకుందాం," అన్నాడు. ఆమెకు ఔననాలని ఉంది. అప్పటికి మూడేళ్ళుగా ఔననాలనే ఉంది. కానీ వెంటనే అనేస్తే చులకనైపోతానేమోనని సిగ్గు. పైగా కాస్త గడుసుదనం.

"వచ్చే ఏడు నీళ్ళతో పాటు జవాబు తెస్తాను," అంది.

గిల్బర్ట్ నవ్వాడు. "నీళ్ళని తొందరగా రమ్మని చెప్పు మరి."

ఆ ఏడు వానలు లేవు. అక్టోబర్ పోయింది, నవంబర్ పోయింది, క్రిస్మస్ వచ్చి వెళ్ళిపోయింది. డోర్కస్ రోజూ పొద్దున్నే చర్చి వెనక గుంట దగ్గరకు వెళ్ళి వంగి చూసేది. సుద్దమట్టి పగుళ్ళిచ్చి ఉండేది. తూములన్నీ రెండేసి సార్లు శుభ్రం చేసింది. వాగులో ఒక్క ఆకు లేదు. నీళ్ళు రావడానికి దారి అంత చక్కగా ఎప్పుడూ లేదు.

మార్చిలో ఆలివ్ సైకిల్ దిగింది. "మిల్లు గిల్బర్ట్ అడిగాడే."

"ఏమని?"

"నీళ్ళెప్పుడొస్తాయని. నన్నడిగితే, అది నీళ్ళ కోసం అడిగే మొహం కాదు."

"వచ్చినప్పుడు వస్తాయని చెప్పు."

"నీ నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయని భయమా? ఇంకో ముక్క చెప్పకూడదూ?"

డోర్కస్ చెప్పలేదు. ఆలివ్ నోట పడితే ఊరంతా పాకుతుందని భయం. రోడ్డు వెంట మిల్లుకు వెళ్ళడం ఒక గంట పని. ఎవరు కాదంటారు? కానీ గంటైనా అరగంటైనా, నీళ్ళు లేకుండా డిబెన్ల పిల్ల మిల్లు గడప తొక్కిందంటే తండ్రి తల ఎత్తుకోలేడు. అప్పటికే వంతెనల మీద ముసలాళ్ళు "పొడి డిబెన్లు" అన్న మాటను అటక మీద నుంచి దించి దులుపుతున్నారు. నీళ్ళు రాకపోవడానికి ఆడపిల్ల చేతికి దంతె ఇవ్వడమే కారణమన్నవాళ్ళూ ఉన్నారు. అలాంటి నోళ్ళకు తాళం ఎక్కడ దొరుకుతుంది?

రెండో ఏడు కూడా ఊటలు తెగలేదు. ఆ చలికాలంలోనే జోబ్ పోయాడు. పోయే ముందు రోజు కూడా, "గుంటలో తడి ఏమైనా కనపడిందా అమ్మాయ్?" అని అడిగాడు. కనపడిందని అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ ఒక్క అబద్ధం చెప్పి ఉండాల్సిందని తరవాత చాలా ఏళ్ళు ఏడ్చింది.

సమాధి దగ్గరకు గిల్బర్ట్ వచ్చాడు. అందరి వెనక, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. జనం కదిలాక దగ్గరకు వచ్చాడు. ఇద్దరి మధ్యా పచ్చి మట్టి కుప్ప.

"ఈ ఏడూ రాలేదు," అన్నాడు.

"రాలేదు."

అతను టోపీ అంచు తిప్పాడు. "అయితే నీళ్ళ కోసమే చూడాలా డోర్కస్?"

"అవి లేకుండా ఎలా వస్తాను గిల్బర్ట్?"

తండ్రిని అప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన పిల్ల. తండ్రి చెప్పిన ఒక్క నియమం తప్ప ఆ క్షణాన ఆమెకు పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. రావాలని ఉంది, రాలేను, కాస్త ఆగు అన్నది ఆమె మాటకు అర్థం. గిల్బర్ట్‌కు అది తోసిపుచ్చినట్టు వినపడింది. ఔననే మనిషికి నీళ్ళు అడ్డమా అనుకున్నాడు. తల ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. వాళ్ళిద్దరిలో ఎవరికీ ఎదుటి మనిషి నిజం తెలియలేదు.

మూడో ఏడు ఆకురాలు కాలంలో కుండపోతగా వానలు పడ్డాయి. డోర్కస్ ముఖంలో రంగు వచ్చింది. తూముల్లో దంతె లాగుతూ కూనిరాగం తీస్తోందని కూడా చెప్పుకున్నారు. నవంబర్‌లో ఒక ఆదివారం ఆలివ్ వచ్చింది. సైకిల్ గోడకు ఆనించి, ఎప్పుడూ లేనిది, లోపలికి వచ్చి కూర్చుంది.

"డోర్కస్, ఇది నేను చెప్పకపోతే ఇంకొకరు చెబుతారు. కింది చర్చిలో ఇవాళ పెళ్ళి ప్రకటన చదివారట. గిల్బర్ట్‌కూ, పట్నంలో బట్టల కొట్టాయన కూతురు మెర్సీకీ. ఇంకో రెండు ఆదివారాలు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పొచ్చు."

"నాకేం అభ్యంతరం?"

"నీ మొహం. నా దగ్గర కూడానా?"

డోర్కస్ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అందులో నీళ్ళు పోయడం మరిచిపోయింది. అడుగు మాడి వాసన వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

పెళ్ళి క్రిస్మస్ ముందు అయింది. జనవరిలో ఊటలు తెగాయి. ఎన్నడూ లేనంత ఉధృతంగా, రెండేళ్ళ బాకీ తీర్చినట్టు వచ్చాయి నీళ్ళు. వీధంతా బయటకు వచ్చి చప్పట్లు కొట్టింది. ముసలాళ్ళు ఆమె చేతిలో సైడర్ పెట్టి, "పొడి డిబెన్లన్న మాట ఇవాళ్టితో సరి," అన్నారు. ఆమె పరువు దక్కింది. దక్కిన పరువును ఏం చేసుకోవాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

మిల్లు తలుపు మెర్సీ తీసింది. చిన్న పిల్ల. ఎర్రటి కొత్త ఏప్రన్.

"నీళ్ళొచ్చాయి," అంది డోర్కస్.

మెర్సీకి జవాబు తెలియదు. "ఏ నీళ్ళు? ఏం కావాలండీ?" అంది. వెనక చీకట్లోంచి గిల్బర్ట్ గొంతు వినపడింది. "రానీ, దారి ఉంది." మనిషి వెలుగులోకి రాలేదు. డోర్కస్ తడి బూట్లతోనే వెనుదిరిగింది. ఇంటికి చేరేసరికి మేజోళ్ళు కాళ్ళకు గడ్డకట్టి ఉన్నాయి.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరు అడిగారు. ఇద్దరికీ జవాబు అక్కడికక్కడే చెప్పింది. నీళ్ళు వచ్చిన ప్రతి ఏడూ మిల్లు దాకా నడిచింది, తలుపు తట్టింది, చెప్పింది, వచ్చేసింది. మెర్సీ జవాబు నేర్చుకుంది. మంచిదే ఆమె. "లోపలికి రండి మిస్ డిబెన్, కాళ్ళు కాచుకోండి," అని ఏటా పిలిచేది. "ఆవును కట్టేసి రాలేదు," అనేది డోర్కస్. ఆమెకు ఆవు లేదన్న సంగతి మెర్సీకి తెలుసు.

యుద్ధం వచ్చిపోయాక ఒక చలికాలం తలుపు తీసిన మెర్సీని డోర్కస్ గుర్తుపట్టలేకపోయింది. జబ్బు మనిషిని సగం చేసింది. జవాబు చెప్పాక మెర్సీ ఆమె మోచెయ్యి పట్టుకుని వంతెన దాకా వచ్చింది.

"మిస్ డిబెన్, ఒక మాట నా కడుపులో ఉండిపోయింది. మా అత్తగారు పోయే ముందు చెప్పారు. నీళ్ళు రాని ఆ రెండు చలికాలాలూ ఆయన ప్రతి సాయంత్రం మేజోళ్ళు కమ్మీ మీద వేసేవాడట. వేడెక్కాక తిప్పేవాడట. పడుకోబోయే ముందు మడిచి పెట్టేసేవాడట. నీళ్ళు లేకుండానే మీరు వస్తారేమోనని. ఆ జత ఇప్పటికీ సొరుగులో ఉంది. నేను తీసెయ్యలేదు. ఆయనా తీసెయ్యలేదు."

మెర్సీ కళ్ళు తుడుచుకుంది. "మీ మీద కోపంతో చెప్పడం లేదు. ఆ సొరుగు పక్కనే కాపురం చేశాను కదా, ఇంకొకరికి తెలియాలి అనిపించింది."

ఎండాకాలం రాకముందే మెర్సీ పోయింది. అప్పుడైనా డోర్కస్ వెళ్ళి ఉండొచ్చు. వెళ్ళలేదు. మనిషి పోయిన ఇంటికి ఏ మొహంతో వెళ్తాం అనుకుంది. నీళ్ళతో వెళ్తే పని మీద వచ్చినట్టుంటుంది కదా అనుకుంది. డోర్కస్ పట్టు అంటే అదీ. ఈ ఊరి వాణ్ణి గనక చెబుతున్నాను, ఆ పట్టు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈలోగా పట్నానికి తాగునీళ్ళు కావాలని గుట్ట మీద పంపులు పెట్టారు. గుట్ట కడుపులో నీళ్ళు పైకే పోతుంటే కిందికి ఊట ఎక్కడిది? ఒక ఏడు వాగు నడివీధి దాకా వచ్చి ఆగింది. ఆ తరవాత రావడమే మానేసింది. డోర్కస్ మాత్రం ఏటా ఆకులు లాగుతూనే ఉంది, నడుం వంగిపోయినా.

అలా మూడు చలికాలాలు పొడిగా పోయాక, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ముసలి ఆలివ్ కర్ర ఊతతో వచ్చింది. సైకిల్ ఎప్పుడో మానేసింది.

"గిల్బర్ట్ మంచం పట్టాడట. వసంతం చూడడని డాక్టర్ అన్నాడట. పొద్దున పూట ఎవరో వచ్చి ఇంత సూప్ పోసి పోతున్నారు, అంతే."

డోర్కస్ కిటికీలోంచి వాగు వైపు చూసింది. ఎండు గడ్డి.

"చూడకే అటు," అంది ఆలివ్. "దేవుడి మీద ఒట్టు డోర్కస్, ఈసారి కూడా ఆ వాగు వైపు చూశావంటే ఈ కర్రతో కొడతాను."

డోర్కస్ మేకుల బూట్లు తొడుక్కుంది. దంతె తలుపు పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. రోడ్డు మీద వెళ్ళొచ్చు, కానీ వాగులోకే దిగింది. ఆమె కాళ్ళకు మిల్లు దారి అదే. నీళ్ళ మొన పక్కన రెండు రోజులు పట్టే దారి, నీళ్ళు లేకపోతే గంటకు మించి పట్టలేదు. ఇంత దగ్గరా అనుకుంది. వంతెనలు కొన్ని పీకేశారు, ఒక తూముకు సిమెంటు పూసేశారు. సెలవులకు వచ్చే పట్నం ఇంటావిడ గేటులోంచి, "ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగింది. "ఔను," అంది డోర్కస్, ఆగకుండా.

మిల్లు తలుపు గడియ వేసి లేదు. అయినా తట్టింది. చేయి అలవాటు.

"ఎవరు?" లోపలి నుంచి సన్నటి గొంతు.

తోసుకుని వెళ్ళింది. పొయ్యి పక్కకు మంచం లాగి ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నట్టు ఉన్నాడు గిల్బర్ట్. ఆమెను చూసి లేవబోయాడు, చేతకాలేదు.

"డోర్కస్. నీళ్ళొచ్చాయా?"

"రాలేదు గిల్బర్ట్. నేనే వచ్చాను."

అతను ఆమె బూట్ల వైపు చూశాడు. తెల్లటి సుద్ద దుమ్ము. చుక్క తడి లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి దిగాయి. ఆమె కూడా ఆపుకోలేదు. ఆపుకోవడంలో ఆమెకు ఒక జన్మ పోయింది.

"మరీ ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడే."

కాసేపటికి అతను తేరుకున్నాడు. "రా," అన్నాడు. "దారి ఉంది." గడ్డంతో సొరుగు వైపు చూపించాడు.

మేజోళ్ళు బూడిదరంగువే. మడత దగ్గర చిమ్మెట కొట్టిన కన్నాలు. డోర్కస్ వాటిని కమ్మీ మీద వేసి, ఒక పక్క వేడెక్కాక రెండో పక్కకు తిప్పింది. గిల్బర్ట్ దిండు మీద తల తిప్పి చూస్తున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి, పొడి కాళ్ళకు వాటిని తొడుక్కుంది. ముసలి పిక్కల మీద అవి నిలవలేదు, చీలమండల దగ్గరకు జారి కుప్పపడ్డాయి.

"సరిపోయాయా?" అన్నాడు గిల్బర్ట్.

"కాస్త వదులు," అంది డోర్కస్. "అప్పుడైతే సరిపోయేవి."